పెద్దమ్మ బైబిల్లో అమృతాంజనం వాసన

పెద్దమ్మ పోయిన నలభై రోజులకి మద్రాసు పెరంబూరులో ఆవిడ వాటా ఖాళీ చెయ్యడానికి వెళ్లాం, నేనూ మా తమ్ముడూ. ఇంటివాళ్లు తొందరేం పెట్టలేదు గానీ ఎన్నాళ్లని తాళం వేసి ఉంచుతాం. సామాను పెద్దగా లేదు. రెండు ట్రంకు పెట్టెలు, ఒక మడత కుర్చీ, స్టీలు డబ్బాల్లో అడుగున మిగిలిన పప్పులు. బీరువాలో చీరల కింద బైబిలు దొరికింది. నల్ల రెక్సిన్ అట్ట, జిప్పు ఎప్పుడో ఊడిపోతే లంగా ఎలాస్టిక్ ముక్కతో బిగించి కట్టుకుంది. ఎలాస్టిక్ తీసి తెరిచానో లేదో, గుప్పున అమృతాంజనం.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టి తర్వాత మద్రాసుకి తెచ్చిన ఆ మందు, మా ఇళ్లల్లో ఉప్పు అయిపోయినా అయిపోయేది కాదు. పెద్దమ్మకి రోజూ తలనొప్పి. చూపుడువేలితో కణతలకి రాసుకోవడం, అదే వేలితో పేజీ తిప్పడం. ఆ వాసన అన్ని పేజీల్లోనూ ఒకేలా లేదు, అది నాకు కాసేపటికి గానీ తెలియలేదు. ఆదికాండంలో ఏమీ లేదు. కీర్తనల్లో కొంచెం. యోబు దగ్గర మాత్రం ఘాటు. ఆ గ్రంథంలో కూడా మొదటి పేజీ, చివరి పేజీ శుభ్రంగా ఉన్నాయి, మధ్యలో కాగితాలు మెత్తబడి, అంచులు పసుపు తిరిగి, మూలలు గుండ్రంగా అరిగిపోయి ఉన్నాయి. తమ్ముడు డబ్బాలు కడుతుంటే నేను నేల మీద చతికిలబడి అదే చూస్తూ కూర్చున్నా. "సాయం చేస్తావా, వాక్యం చదువుతావా" అన్నాడు వాడు.

చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ అక్కడే. మా నాన్నకి ఊళ్లు మారే ఉద్యోగం, ఏడో తరగతి నుంచి నన్ను పూర్తిగా పెద్దమ్మ దగ్గరే ఉంచేశారు. ఫ్యాక్టరీ సైరన్‌ని అక్కడ అందరూ సంగు అంటారు. రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్ సంగు మోగితే వీధి వీధంతా సైకిళ్లు. పెద్దనాన్న రైల్వే క్యారేజీ వర్క్స్‌లో పనిచేసేవాడట, నాకు ఊహ తెలిసేసరికే లేడు. సంగు కంటే ముందే లేచి పెద్దమ్మ వత్తుల స్టవ్వు వెలిగించి, నీళ్లు పెట్టి, గోడకి ఆనుకుని ప్రార్థన మొదలుపెట్టేది. దుప్పట్లోంచి వినేదాన్ని. తండ్రీ అని మొదలై, రెండు మాటల తర్వాత వరసగా పేర్లు. నలభై పైన పేర్లు. ఎవరబ్బా వీళ్లంతా అనుకునేదాన్ని. తర్వాత తెలిసింది, అది ఆవిడ క్లాసు హాజరు పట్టీ. అదే వరసలో, ఇంటిపేర్లతో సహా.

పెద్దమ్మ కార్పొరేషన్ బడిలో తెలుగు మీడియం టీచరు. అప్పట్లో ఉత్తర మద్రాసులో తెలుగు మీడియం బళ్లు బాగానే ఉండేవి. నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి తాతల కాలంలో వచ్చి కార్పొరేషన్ పారిశుద్ధ్యం పనిలో కుదురుకున్న వాళ్ల పిల్లలే ఎక్కువ. (2006లో తమిళం ఒకటో తరగతి నుంచి తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది, అంతకు ముందే ఆ క్లాసులు పల్చబడ్డాయి, అది వేరే కథ.) ఒక పిల్లాణ్ణి వీధిలో అందరూ బొండాం అని పిలిచేవాళ్లు. చేర్చుకునే రోజు నీ పేరేంట్రా అంటే బొండాం అన్నాడు. అది కాదు నాన్నా, పేరు అంటే వాడికి తెలీదు. ఇంటికెళ్లి అడిగిరా పో, అంతవరకూ రిజిస్టర్లో గీత ఖాళీగా ఉంచుతానంది. వాడు పరిగెత్తుకుంటూ వెళ్లి పేరు తెచ్చుకున్నాడు. ఆ "తెచ్చుకోవడం" ఇప్పటికీ గుర్తు, ఏదో వస్తువు పట్టుకొచ్చినట్టు వచ్చాడు, రొప్పుతూ.

ఆదివారం ఎనిమిదింటికి తెలుగు ఆరాధన, పదింటికి అదే గుళ్లో తమిళ ఆరాధన. మేము బయటికొస్తుంటే వాళ్లు లోపలికి, గుమ్మం దగ్గర చెప్పులు కలిసిపోయేవి. మధ్యలో మాకు సండే స్కూలు. పెద్దమ్మే చెప్పేది. యోబు కథ మొదట విన్నది అక్కడే, అదీ లెక్కల క్లాసులాగా. యోబు అనే నీతిమంతుడికి ఏడు వేల గొర్రెలు, మూడు వేల ఒంటెలు, ఐదువందల జతల ఎద్దులు, ఐదువందల గాడిదలు, ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు. ఒక్క రోజులో అన్నీ పోయాయి. చివర్లో దేవుడు రెండంతలు ఇచ్చాడు. గొర్రెలెన్నిరా? పద్నాలుగు వేలు టీచర్! ఒంటెలు? ఆరు వేలు! పిల్లలు? ఇరవై మంది అని అందరం అరిచాం. మళ్లీ చూసుకోండి అంది. చూస్తే పదిమందే. గొర్రెలు రెండింతలయ్యాయి, పిల్లలు మాత్రం మళ్లీ అదే ఏడుగురు, ముగ్గురు. ఎందుకు టీచర్ అంటే ఆవిడ అప్పట్లో, అందరూ చెప్పేదే చెప్పింది. మొదటి పదిమంది ఎక్కడికీ పోలేదర్రా, దేవుడి దగ్గర ఉన్నారు, వీళ్లూ వాళ్లూ కలిపితే ఇరవయ్యే కదా అని. మాకు భలేగా అనిపించింది. లెక్క సరిపోయింది.

కంఠతా వాక్యం మాత్రం ఎప్పుడూ ఒక్కటే, "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను." మొదటి అధ్యాయంలోది. నలభై రెండు అధ్యాయాల పుస్తకంలో మాకు ఒకటీ రెండూ తెలుసు, నలభై రెండు తెలుసు. మధ్యలో ఏముందో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

అన్నయ్య, అంటే పెద్దమ్మ ఒక్కగానొక్క కొడుకు, నాకంటే ఆరేళ్లు పెద్ద. అప్రెంటిస్‌గా తీసుకున్నారు, ఖాకీ చొక్కా కుట్టించుకున్నాడు, ఆ చొక్కా నాలుగు నెలలే వేసుకున్నాడు. జ్వరం అన్నారు, తర్వాత కామెర్లు అన్నారు, పన్నెండో రోజుకి లేడు. ఇంతకంటే దాని గురించి రాయలేను, రాయక్కర్లేదు కూడా.

రాయాల్సింది తర్వాత వచ్చినవాళ్ల గురించి.

ఆదరణ కూడికలని పెడతారు మాలో. చావు జరిగిన ఇంట్లో సంఘం చేరి పాటలు పాడి, వాక్యం చెప్పి, టీ తాగి వెళ్తారు. ఉద్దేశం మంచిదే. కానీ ఆ నెల రోజుల్లో మా ముందు గదిలో ఎన్ని మాటలు విన్నామో. దేవుడు ప్రేమించినవాళ్లనే పరీక్షిస్తాడమ్మా. బంగారాన్ని పుటం వెయ్యకపోతే ఎలా. ఆయన తోటలో మంచి పువ్వునే కోసుకుంటాడు. ఒకావిడ ఇంకా దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి, "ఏమైనా ఉంటే ఒప్పేసుకో వదినా, దేవుడి దగ్గర దాపరికం పనికిరాదు" అంది. ఏమైనా అంటే ఏమిటి? ముప్పయ్యేళ్లు ఇతరుల పిల్లల పేర్లు చెప్పుకుంటూ పొద్దున్నే ప్రార్థన చేసిన మనిషి ఏం దాచుకుంటుంది? పెద్దమ్మ అందరికీ తలాడించింది. టీ గ్లాసులు నాచేత కడిగించింది.

కింద వాటాలో ఒక తమిళావిడ ఉండేది, అత్తై అనేవాళ్లం. నుదుట విభూతి, ముక్కుకి రెండువైపులా పుడకలు, గుడి దగ్గర పూలు కట్టి అమ్మేది. ఆవిడ రోజూ పొద్దున పూల పని అయ్యాక తూక్కు గిన్నెలో గంజి, నార్త్తంగాయ ఊరగాయ పట్టుకుని పైకొచ్చేది. పెద్దమ్మ పక్కన నేల మీద కూర్చునేది. ఏమీ అనేది కాదు. తలకి నూనె రాసి చిక్కు తీసేది, ఒక్కోరోజు అదీ లేదు, ఊరికే కూర్చుని లేచి వెళ్లిపోయేది. లెక్క పెట్టలేదు గానీ వారం పైనే.

చాలా ఏళ్ల తర్వాత పెద్దమ్మే చెప్పింది నాకు. ఎలీఫజు, బిల్దదు, జోఫరు, ముగ్గురు స్నేహితులూ యోబుని చూడ్డానికి వచ్చి, గుర్తుపట్టలేక ఏడ్చి, ఏడు పగళ్లూ ఏడు రాత్రులూ ఒక్క మాట మాట్లాడకుండా అతనితో నేల మీద కూర్చున్నారట, ఆ తర్వాతే నువ్వేదో పాపం చేసి ఉంటావని వాదనకి దిగారట. "అంతవరకూ బాగానే ఉన్నారే పాపం. నోరు తెరిచాకే చెడింది" అంది. "మన అత్తై తెరవలేదు, అదే తేడా."

అదే జ్వరానికి అదే వార్డులో పక్క మంచం మీద ఇంకో కుర్రాడు ఉండేవాడు, మా సంఘం వాళ్లబ్బాయే. వాడు బతికాడు. రెండు నెలలయ్యాక ఆ అబ్బాయి తల్లి గుళ్లో సాక్ష్యం చెప్పడానికి లేచింది. నాకు గుండె దడదడ. ఆవిడ ఎంతో సంతోషంగా, డాక్టర్లు చేతులెత్తేశారనీ, తాము మోకాళ్ల మీద నిలబడి ప్రార్థిస్తే దేవుడు విన్నాడనీ చెప్పింది. గుళ్లో సగం మంది స్తోత్రం అంటూనే ఓరకంట మా బెంచీ వైపు చూశారు. పెద్దమ్మ అందరికంటే గట్టిగా స్తోత్రం అంది. ఆరాధన అయ్యాక వెళ్లి ఆ కుర్రాడి తల నిమిరింది కూడా.

ఇంటికొచ్చి అన్నం వడ్డించకుండానే బైబిలు తీసింది. అపొస్తలుల కార్యములు పన్నెండో అధ్యాయం చదవమంది. చదివాను. హేరోదు రాజు యోహాను అన్న యాకోబుని కత్తితో చంపిస్తాడు, అది ఒక్క వచనం. తర్వాత పేతురుని చెరసాలలో వేయిస్తే సంఘమంతా ప్రార్థిస్తుంది, దేవదూత వస్తాడు, సంకెళ్లు ఊడిపడతాయి, ఇనుప తలుపు దానంతట అదే తెరుచుకుంటుంది, దానికి పేజీ నిండా వర్ణన. "యాకోబు కోసం మాత్రం ప్రార్థన చెయ్యకుండా ఉంటారా?" అంది పెద్దమ్మ. నేనేం మాట్లాడలేదు. "పేతురు వచ్చి తలుపు కొట్టిన ఇంట్లో ఆ రాత్రి కూడిక జరుగుతోంది కదా. యాకోబు వాళ్లమ్మ అక్కడికి వచ్చి ఉంటుందంటావా?" కాసేపాగి, "వచ్చే ఉంటుంది. గట్టిగానే స్తోత్రం అని ఉంటుంది" అని లేచి సాంబారు వేడి చేసింది.

ఆ తర్వాతే అనుకుంటా ఆవిడ యోబు మధ్య భాగం చదవడం మొదలైంది. మామూలుగా కాదు, పైకి. రాత్రి తొమ్మిదింటికి కరెంటు ఉన్నా లేకపోయినా, అమృతాంజనం రాసుకుని, క్లాసులో పాఠం చదివినంత స్పష్టంగా. నేను పుట్టిన దినము లేకపోవునుగాక అని యోబు శపించుకోవడం విని మొదట భయపడిపోయాను. బైబిల్లో ఇలాంటివి ఉంటాయా అనుకున్నాను. పదమూడో అధ్యాయంలో "మీరందరు పనికిమాలిన వైద్యులు" దగ్గరా, పదహారులో "మీరందరు బాధకే కర్తలుగాని ఆదరణకు కర్తలుకారు" దగ్గరా ఆవిడ గొంతు పెరిగేది. ముందు గదిలో ఆ టీ గ్లాసుల వాళ్లకి ఇవ్వని జవాబులన్నీ అక్కడ రెడీగా రాసిపెట్టి ఉన్నాయి మరి. ఆ మాటల పక్కన పెన్సిలు టిక్కులు ఇప్పటికీ ఉన్నాయి, జవాబు కరెక్టయితే టీచర్లు పెట్టే టిక్కులు.

యోబు భార్యనైతే ఎవరూ ఏమీ అనకూడదు ఆవిడ ముందు. దేవుని దూషించి మరణము కమ్మని అందని ప్రసంగాల్లో ఆమెను ఏకేస్తుంటారు కదా, పెద్దమ్మకి ఒళ్లు మండేది. "పదిమందినీ కన్నది ఎవరు, ఆయనా? ఆమెకి ఒక్కటంటే ఒక్క మాటే ఇచ్చారు పుస్తకం మొత్తంలో. ఆయనకి ఇరవై అధ్యాయాలు ఇచ్చారు ఏడ్చుకోడానికి." ఇంకోసారి, చివర్లో మళ్లీ పుట్టిన ఆ పదిమంది గురించి, నేనేదో కాలేజీ తెలివితేటలు చూపిస్తుంటే, "కొత్తవాళ్లు పుట్టారు సరే, పాతవాళ్ల దుప్పట్లు ఎవరు మడతపెట్టారే" అంది. సండే స్కూల్లో సరిపోయిన లెక్క అక్కడ మళ్లీ తప్పింది.

నమ్మకం పోయిందా ఆవిడకి అంటే, లేదు. అది నాకు ఇప్పటికీ వింతే. ఒక్క ఆదివారం మానలేదు, పొద్దున పేర్లు మానలేదు. నేను అన్నీ సాఫీగా ఉండి కూడా క్రిస్మస్‌కి తప్ప గుడి మెట్లెక్కను. ఒకసారి ధైర్యం చేసి అడిగేశాను, ఇంత కోపం ఉన్నప్పుడు ఎలా ప్రార్థిస్తావని. నలభై రెండో అధ్యాయం ఏడో వచనం చదవమంది. దేవుడు ఆ స్నేహితుల మీద కోప్పడి, నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నా గురించి సరైనది పలకలేదు అంటాడు. దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకుని మాట్లాడిన వాళ్లది తప్పయింది, దేవుణ్ణి నిలదీసినవాడిది ఒప్పయింది. "దిద్దింది ఎవరో చూడు" అంది పెద్దమ్మ, అంతే.

2004 డిసెంబరు 26, ఆదివారం. పొద్దున మంచం ఊగినట్టయి లేచాం, కలేమో అనుకుని ఆరాధనకి వెళ్లిపోయాం. బయటికి వచ్చేసరికి కాశిమేడులో సముద్రం లోపలికి వచ్చేసిందట అని పరుగులు. తమిళనాడులోనే దాదాపు 8,000 మంది పోయారని తర్వాత తెలిసింది. వేళాంగణ్ణిలో పండక్కి మొక్కుకి వెళ్లినవాళ్లు కూడా కొట్టుకుపోయారు. పెద్దమ్మ అప్పటికి రిటైరైంది. మర్నాటి నుంచి గుళ్లో వంట, పాత చీరలు మడతపెట్టడం, మాటల్లేవు.

తర్వాతి ఆదివారం ఎక్కడి నుంచో ఒక ప్రసంగీకుడు వచ్చాడు. ఊరూ పేరూ వద్దులెండి. సముద్రతీరం పాపాలు పండాయనీ, ఇది తీర్పనీ గంటసేపు దంచాడు. ఆఖరి దీవెన అయ్యాక గుమ్మం దగ్గర అందరికీ చేతులు కలుపుతుంటే పెద్దమ్మ వరసలో నిలబడింది. తన వంతు వచ్చాక బైబిలు తెరిచి ఇచ్చి, "కళ్లద్దాలు తేలేదయ్యగారూ, లూకా పదమూడు కాస్త చదివి పెడతారా" అంది. కళ్లద్దాలు మెళ్లో తాడుకి వేలాడుతూనే ఉన్నాయి. ఆయన పాపం చదివాడు. సిలోయంలో గోపురం పడి చచ్చిన ఆ పద్దెనిమిది మంది, యెరూషలేములో ఉన్న వారందరికంటే అపరాధులని అనుకుంటున్నారా, కారు అని యేసు అన్న మాట. కారు దగ్గర ఆయన గొంతు కొంచెం తగ్గింది. "వందనాలండీ" అని బైబిలు తీసుకుని ఎలాస్టిక్ వేసుకుని వచ్చేసింది. వెనకాల తమిళ ఆరాధనకి వచ్చినవాళ్లు లోపలికి దారి లేక నిలబడి చూస్తున్నారు.

ఆఖరిసారి ఇద్దరం కలిసి తిరిగింది మైలాపూరు వెళ్లినప్పుడు. వస్తూ తిరుమయిలై స్టేషన్లో రైలెక్కాం. ఆ రైలుకట్ట స్తంభాల కింద బకింగ్‌హాం కాలువ, నల్లగా, కదలకుండా. పెద్దమ్మ ముక్కు కింద అమృతాంజనం రాసుకుంది. రాసుకుంటూనే, "ఇది మనవాళ్లు తవ్విన కాలువే" అంది. ధాత కరువులో, 1876-78 మధ్య, ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఈ కాలువలో కొన్ని మైళ్ల ముక్క కాంట్రాక్టు పుచ్చుకుని ఆకలితో ఉన్న జనానికి మట్టిపని ఇప్పించాడు. కూలి కోసం మతం పుచ్చుకున్నారని అనిపించుకోకూడదని కరువు పని నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపాడు. అది అయ్యాక 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఆ సంఖ్య మా ఇళ్లల్లో పిల్లలకి కూడా తెలుసు. పెద్దమ్మ వాళ్ల నాయనమ్మ చెప్పేదట, మునిగి లేచినవాళ్లని లెక్క పెట్టారు గానీ, ఆ నది దాకా రాకుండానే ఆకలికి పోయినవాళ్లని ఎవరు లెక్క పెట్టారని. "వాళ్లేం తక్కువ మంచోళ్లా" అని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. పార్క్‌టౌన్ వచ్చేదాకా మళ్లీ మాట్లాడలేదు.

తమ్ముడు ఆటో వచ్చిందని కిందనుంచి అరుస్తున్నాడు. బైబిలు మూసే ముందు, శుభ్రంగా ఉందన్నానే, యోబు మొదటి పేజీ, దాన్ని మళ్లీ ఒకసారి వెలుతురుకి పట్టి చూశాను. బైబిలు మొత్తంలో ఎక్కడా లేని ఎర్ర ఇంకు అక్కడ ఉంది. కాంపోజిషన్ నోట్సులు దిద్దే పెన్ను. చివరి అధ్యాయంలో కొత్త కూతుళ్లు ముగ్గురికీ పేర్లున్నాయి, యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు. ఇక్కడ మొదటి అధ్యాయం రెండో వచనంలో, "ఏడుగురు కుమారులును ముగ్గురు కుమార్తెలును" అన్న చోట కింద గీత గీసి, పక్కన మార్జిన్లో గుండ్రటి టీచరు అక్షరాలతో రాసింది.

పేర్లు?